రెండు ఫ్లాస్కులు

"బెల్లం ముక్క పడనిది చారేంటమ్మా? చింతపండు నీళ్ళు!" అంది ప్రభావతమ్మ.

"మా ముదినేపల్లిలో బెల్లం వేస్తే దాన్ని పానకం అంటారు అత్తయ్యా" అంది కోడలు వర్షిణి.

పేపరు వెనక దాక్కున్న గిరీష్ వైపు ఇద్దరూ ఒకేసారి తిరిగారు.

"నువ్వు చెప్పరా!"

"మీరు చెప్పండి!"

గిరీష్ దిగులు వేరు. గుడివాడలో ఓ కాలేజీలో బీబీఏ పిల్లలకి డేటా ఎనలిటిక్స్ చెబుతాడు. భోజనాల తర్వాత క్లాసు. సగం మంది నిద్రపోతారు. మిగతా సగం ఆ నిద్రపోయేవాళ్ళని ఫొటోలు తీస్తారు. రేపు ప్రిన్సిపాల్ జగన్మోహనరావు గారు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటానన్నారు. పిల్లలు మేలుకోకపోతే వచ్చే ఏడాది ఆ సబ్జెక్టూ ఉండదు, గిరీష్ ఉద్యోగమూ ఉండదు.

ఉన్నట్టుండి అతని మొహం వెలిగింది.

"రేపు ఇద్దరూ చెరో ఫ్లాస్కు చారు పెట్టివ్వండి. మా పిల్లలు తేలుస్తారు."

"ముందు గ్యాస్ బుక్ చెయ్యండి. నాలుగు రోజుల్నించి మొత్తుకుంటున్నా" అంది వర్షిణి.

"చేస్తా, చేస్తా" అన్నాడు, అప్పటికే లాప్‌టాప్ తెరుస్తూ.

మర్నాడు రెండు ఫ్లాస్కులూ సిద్ధంగా ఉన్నాయి. క్లాసులో ఇంటి తగువంతా పూసగుచ్చినట్టు చెప్పి, ఒకదాని మీద 'అత్తగారు', ఇంకోదాని మీద 'కోడలు' అని చీటీలు అంటించాడు.

"సార్, పేర్లు కనపడకూడదేమో" అంది మొదటి బెంచీ శ్రావ్య.

"పేరు లేకపోతే ఎవరిదో ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఒక్కరూ కునుకు తియ్యలేదు. పేపరు గ్లాసులతో వరసకట్టారు.

"ఆ తీపి పెద్దవాళ్ళ చేతికే వస్తుంది సార్!" అన్నారు అబ్బాయిలు.

"తీపి లేకుండా ఎంత హాయిగా ఉందో!" అన్నారు అమ్మాయిలు.

ఓట్లు కంప్యూటర్లోకి ఎక్కించారు. గ్రాఫులు గీశారు. కొట్టుకున్నంత పని చేశారు. అబ్బాయిలు దాదాపు అందరూ అత్తగారి వైపు, అమ్మాయిలు దాదాపు అందరూ కోడలి వైపు.

ప్రిన్సిపాల్ గారు రెండూ రుచి చూసి కళ్ళు మూసుకున్నారు.

"పెద్దావిడ చారులో బెల్లం ఎక్కడో అడుగున తగుల్తోందయ్యా. అదీ అనుభవం! ఈ సబ్జెక్టు తీసేసే మాటే లేదు, నువ్వు నిశ్చింతగా ఉండు."

గిరీష్ ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు.

రాత్రి కరెంటు కుక్కర్లో వండిన అన్నం పెట్టుకుని అందరూ భోజనాలకి కూర్చున్నాక గొంతు సవరించుకున్నాడు.

"డేటా చాలా స్పష్టంగా ఉంది. ఏ చారు అభిమానులు ఆ చారుకున్నారు. కాబట్టి ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో రోజూ రెండు రకాల చారూ ఉండాల్సిందే."

అత్తాకోడళ్ళు తలలు వంచుకుని అన్నం కలుపుకున్నారు.

పొద్దున గ్యాస్ బండ అయిపోయేలోపు మరిగింది ఒకే ఒక్క గిన్నెడు చారనీ, రెండు ఫ్లాస్కుల్లోనూ పోసింది అదేననీ వాళ్ళిద్దరిలో ఒక్కరూ చెప్పలేదు.