ఊదారంగు గోళ్లు

జీవితమంతా గాజుపలకల మీద కణజాలానికి రంగులద్దిన శాస్త్రవేత్త డాక్టర్ ఇందుమతి, చివరికి ఒంట్లోనే ఉండిపోయే రంగును కనిపెట్టింది. రెండు చుక్కలు మింగితే చాలు, ఎక్కడ కణితి మొదలైనా గోళ్లు ఊదారంగుకు తిరుగుతాయి. ఇప్పుడది అందరి ఒంట్లోనూ ఉంది. పొద్దున్నే పళ్లు తోముకుంటూ జనం గోళ్లు చూసుకుంటారు.

విశాఖలో ఒక హాస్టల్లో వంట చేసే ఆమె చెల్లెలు శ్యామల ఒకరోజు బట్టల సంచితో అక్క ఇంటికి వచ్చింది.

"నీ రంగు వల్లే ముందుగా తెలిసి బతికానక్కా, కాదనను. కానీ వైద్యం అయిపోయినా ఈ ఊదారంగు పోలేదు. పిల్లలు భయపడుతున్నారని పనిలోకి రావద్దన్నారు. బస్సులో పక్కనున్నావిడ లేచి వెళ్లిపోయింది."

రిటైరైన ఇందుమతి మర్నాడే ప్రయోగశాలకు వెళ్లింది. రంగు పైకి కనపడకుండా చెయ్యాలంటే డైరెక్టర్‌కి అర్థం కాలేదు.

"రంగు కనిపించడమే కదా మేడమ్ మీ విజయం?"

"కనిపించాలి. ఎవరికన్నది ఆ మనిషి ఇష్టం."

మిశ్రమాలు ఒకదాని తర్వాత ఒకటి విఫలమయ్యాయి. ఆమె మానలేదు. మూడో ఏట, పాత రంగును పోగొట్టే కొత్త రంగు కుదిరింది. ఒంట్లో కణితి ఉన్నా, గోరువెచ్చని ఉప్పునీళ్లలో వేళ్లు ముంచితేనే అది గోళ్ల మీద తేలుతుంది, తుడిస్తే మాయమవుతుంది.

మొదటి చుక్కలు శ్యామలే మింగింది. నెల తర్వాత ఉప్పునీళ్ల గిన్నెతో గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

రంగు తేలిందా అన్న ప్రశ్న ఇందుమతి నోటిదాకా వచ్చింది. అడగలేదు. కత్తిపీట లాక్కుని వంకాయలు తరగసాగింది.

"రేపు హాస్టల్లో పని అడగడానికి వెళ్తానక్కా," అంది శ్యామల.

"వెళ్లిరా," అంది ఇందుమతి.