పేర్లు చెప్పని మనిషి

ఆ మనిషిని చూసిన మొదటిరోజే కనకలక్ష్మికి ఒళ్ళు మండింది.

దీవిలో బోట్లు ఆగే చాతం జెట్టీ ఎదురుగా ఆమె టిఫిన్ బండి. పక్కనే, ఏళ్ళుగా తాళం పడి ఉన్న వలల గది. ఒక సాయంత్రం గోపినాథ్ అనే గడ్డం మనిషి వచ్చి ఆ తాళం తీయించాడు. చాప పరిచాడు, క్యారంబోర్డు పెట్టాడు. పెట్టి తిన్నగా ఆమె దగ్గరికే వచ్చాడు.

ఈ చుట్టుపక్కల మత్తుమాత్రలు మింగే కుర్రాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా దీదీ, అని అడిగాడు. దోశెలున్నాయా అన్నంత తేలిగ్గా అడిగాడు.

"మా ఇళ్ళల్లో అలాటోల్లు నేరు. ఎల్లు," అంది.

ఉన్నాడు. ఆమె కొడుకు రాజేంద్రే ఉన్నాడు.

మోటారు షెడ్డులో పనిచేసే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. వాడి ప్యాంటు జేబులో ఖాళీ మాత్రల అట్టలు దొరికిన రోజు ఆమె కరువుతీరా ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, మావాడికి పచ్చకామెర్లు అని జెట్టీ అంతా చాటేసింది. జనం నమ్మాలని, అందరూ చూస్తుండగా రోజూ వాడిచేత నేలఉసిరి పసరు కూడా తాగించింది. పరువంటే అంత ప్రాణం ఆవిడకు.

చిత్రంగా, ఆ నెలలోనే రాజేంద్ర తేరుకోవడం మొదలెట్టాడు. కంచం ముందు కుదురుగా కూర్చుంటున్నాడు. చేతుల వణుకు తగ్గింది. అమ్మా అని నోరారా పిలుస్తున్నాడు. అంతా తన మొక్కుల ఫలమేనని తల్లి మురిసిపోయింది.

పక్క గది సంగతే ఆమెకు మింగుడుపడలేదు. సాయంత్రమైతే చాలు, పని వదిలిన కుర్రాళ్ళు బోటెక్కకుండా అందులో దూరుతున్నారు. దూరి తలుపేసుకుంటున్నారు. ఆటో నడిపే అచ్చిబాబు అది గంజాయి అడ్డా అని తేల్చేశాడు.

ఒకరోజు ఆ గుమ్మం ముందు నీలం చెప్పులు కనబడ్డాయి.

రాజేంద్ర చెప్పులు.

ఇంక ఆగుతుందా? పెనం మీద దోశె వదిలేసి, చేతిలో అట్లకాడతోనే ఉరికింది. అచ్చిబాబు కేకేస్తే ఆటోలవాళ్ళంతా కమ్ముకున్నారు. తలుపు తోసేసరికి కుర్రాళ్ళు వెనక గుమ్మంలోంచి జారుకున్నారు. గోపినాథ్ ఒక్కడే మిగిలాడు.

"ఎవులెవులొస్తన్నారిక్కడికి? పేర్లు సెప్పు."

అతను నోరు తెరిస్తే తన కొడుకు పేరే బయటపడుతుందన్న ఆలోచన ఆ కోపంలో ఆమెకు రానే లేదు.

"చెప్పలేను దీదీ. చెప్పనని వాళ్ళకి మాటిచ్చాను."

"దొంగెదవకి మాటొకటా?"

అట్లకాడ అతని చెంప మీద పడింది. దాని వేడి ఇంకా ఆరలేదు.

అతను గుంపులోకి ఒక్కసారి చూశాడు. తర్వాత చెంప పట్టుకుని తల దించుకున్నాడు. జనం అతని చొక్కా చింపారు. క్యారంబోర్డు సముద్రంలోకి విసిరారు. పోలీసులు వచ్చి వెతికితే ఏమీ దొరకలేదు, వదిలేశారు. అయినా జెట్టీవాళ్ళంతా కలిసి పెట్టిన అర్జీకి గది మూతపడింది. పీడ విరగడైందని కనకలక్ష్మి ఆ రోజు అందరికీ టీ పోసింది.

వారం తిరగకుండానే రాజేంద్ర మళ్ళీ కంచం తోసేశాడు. ఒక మధ్యాహ్నం మాత్రలు మింగి షెడ్డులో పడిపోతే ఆస్పత్రికి ఎత్తుకెళ్ళారు.

ప్రాణం దక్కింది. కళ్ళు తెరిచాడు. కానీ ఎవరేం అడిగినా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

డాక్టరమ్మ మధులత కనకలక్ష్మిని పక్కకు పిలిచి, ఇదివరకు ఏం వైద్యం చేయించారని అడిగింది. నేలఉసిరి పసరు సంగతి దాచేసి, ఏమీ లేదంది.

"మా మనిషి ఒకడు చాతం జెట్టీ దగ్గర కూర్చునేవాడమ్మా. గోపినాథ్ అని. వాడి దగ్గరికైనా పంపించాల్సింది."

అతనక్కడ ఏం చేసేవాడని కనకలక్ష్మి అడిగితే, ఆస్పత్రి తరఫున కుర్రాళ్ళచేత మత్తు మాన్పించేవాడని డాక్టరమ్మ చెప్పింది.

గది తీయకముందు అతను కుర్రాళ్ళ వెంట తిరిగి, అందరినీ అవే ప్రశ్నలు అడిగాడట. ఏ వేళకి మాత్ర లేకుండా ఆగలేరు, ఎక్కడికైతే వస్తారు, ఎవరికి తెలియకూడదు అని. పని వదిలాక బోటెక్కేలోపు ఆగలేమన్నారట చాలామంది. ఆస్పత్రికైతే రామన్నారట, అక్కడ చుట్టాలెవరో కనబడతారని భయం. ఆ జవాబులన్నీ కలిపి చూసుకునే జెట్టీ పక్కన గది తీసుకున్నారు, సాయంత్రాలే తెరిచారు. అది నిలదొక్కుకుంటే బాంబూఫ్లాట్, చౌల్దారీ లాంటి పక్క ఊళ్ళలో కూడా తెరుద్దామనుకున్నారు. ఇప్పుడు ఆ మాట ఎత్తేవాళ్ళే లేరు.

"ఎవులికి తెలీకూడదన్నారమ్మా?" అంది కనకలక్ష్మి.

"అందరిదీ ఒకటే మాట. అమ్మకి."

ఆమె మెల్లగా కొడుకు మంచం దగ్గరికి వెళ్ళి తల నిమిరింది. రాజేంద్ర ఇటు తిరగలేదు.

"గోపీ భయ్యాని పిలవమ్మా. ఆయనతోనైతే మాటాడతాను," అన్నాడు. తర్వాత గోడకే చెబుతున్నట్టు అన్నాడు. "ఆ రోజు ఎనక నించి తిరిగొచ్చి ఆ గుంపులో నానూ నిలబడ్డాను. సెప్పొద్దని తలాడించాను. నలుగురిలో నీ పరువు పోద్దని."

డాక్టరమ్మ అప్పటికే ఫోను చేస్తోంది. గోపినాథ్ కొలువు పోయిందని, ఆ పొద్దున్నే వైజాగ్ ఓడెక్కేశాడని, ఒడ్డు చేరేదాకా దొరకడని ఆమెకు తెలుసు. అయినా చేస్తోంది.

కనకలక్ష్మి ఆ ఫోను లాక్కుని తనే మళ్ళీ మళ్ళీ నొక్కింది; ఆమె కొడుకును చెయ్యి పట్టి లేపినవాడు, ఆమె పరువు కోసం ఆమె చేతి దెబ్బే తిని ఊరుకున్నవాడు, చెంప మీద వాతతో, ఏ ఫోనూ అందని సముద్రం మీద వెళ్ళిపోతున్నాడు.