పొడి చొక్కా

గని మూతబడి మ్యూజియమైనా, బట్టలు మార్చుకునే గది అలాగే ఉంది. పనిలోకి దిగేముందు కార్మికులు ఇంటి బట్టలను గొలుసుకు తగిలించి కప్పుదాకా లాగేవాళ్ళు. పైకొచ్చాక అవి తొడుక్కుని, తడిసిన గని బట్టలను అదే గొలుసుకు ఆరేసేవాళ్ళు. పైకి రాని మనిషి గొలుసును మాత్రం ఎవరూ దించకూడదు. ఇప్పుడు ఆ గదికి కాపలా ఉంటున్నామె తండ్రి చొక్కా, ఆమె పసితనం నుంచీ అక్కడే వేలాడుతోంది.

ఆ సాయంత్రం తాళం వేయబోతుంటే టప్ టప్‌మని చప్పుడైంది. ఆమె తలెత్తి చూసింది. చొక్కా లేదు. ఆ గొలుసుకు మసిపట్టిన గని బట్టలు వేలాడుతూ నీళ్ళోడుతున్నాయి.

అంతలో ఫోన్ మోగింది. అమ్మ.

"ఎక్కడున్నావే? త్వరగా రా. మీ నాన్న భోజనానికి కూర్చున్నారు. ఆ దుమ్ము చొక్కా విప్పమంటే వినరు. నువ్వొస్తే గానీ ముద్ద ముట్టరట!"