పెద్దలను అడిగి రాయండి

ఇంద్రాణి సోషల్ నోట్‌బుక్ టీపాయ్ మీద తెరిచి ఉంది. రామమోహనరావు టీ తాగుతూ ఊరికే దానివైపు చూశాడు. తర్వాత టీ సంగతి మర్చిపోయాడు.

"వలస: పై పోర్షన్‌లో ఉండేవాళ్ళు. ఎన్నేళ్ళున్నా పరాయివాళ్ళే.

సరిహద్దు: మెట్ల దగ్గర ఉంటుంది. కింది వాళ్ళు వేరు, పై వాళ్ళు వేరు.

హక్కు: ఇల్లు ఎవరిదో వాళ్ళకే ఉంటుంది.

పౌరుడు: దేశంలో ఎక్కడైనా ఉండొచ్చని పుస్తకంలో రాస్తారు. ఉండనివ్వరు."

నాలుగో తరగతి పిల్ల చేతిరాత. గుండ్రంగా, ముద్దుగా ఉంది. మాటలు మాత్రం పిల్లవి కావు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులు లేవు, బడులు లేవు. బడి మూసే ముందు సోషల్ టీచర్ అండాలమ్మ ఓ పది మాటలిచ్చి, అర్థాలు పెద్దలను అడిగి రాసుకురమ్మంది. రామమోహనరావుది తెనాలి; ఇక్కడ పై పోర్షన్‌లో అద్దెకుంటున్నాడు. ఆయనా, భార్య సూర్యప్రభా ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు కాబట్టి, పగలంతా పిల్ల కింద ఇంటివాళ్ళ దగ్గరే ఉంటుంది. ఇంటి ఓనరు జనార్ధన్‌ది సరూర్‌నగర్‌లో పాత రైతు కుటుంబం. పొద్దున్నే ధర్నా టెంటుకు వెళ్తాడు. ఆయన తల్లి కిష్టమ్మ ఇంద్రాణికి జడలు వేస్తుంది, సర్వపిండి చేసి పెడుతుంది.

ఆ నెలలో ఊళ్ళో అన్నీ సమ్మె చేశాయి, రామమోహనరావు అనుమానం తప్ప. జనార్ధన్ ఇంటికి నలుగురు వస్తే అది తన గురించే. తను మెట్లు దిగేసరికి వాళ్ళు మాట ఆపారంటే ఇంకేముంది. మొన్న జనార్ధన్ ఎవరో మేస్త్రీని తీసుకొచ్చి పై పోర్షన్ వైపు చెయ్యి చూపించాడు. నిన్న కిష్టమ్మ, "ఊర్ల మీకు సొంతిల్లున్నదా సారూ?" అని అడిగింది. ఇవన్నీ ఒక్కొక్కటే మనసులో పేర్చుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఏకంగా రాతలో సాక్ష్యం దొరికింది.

"ఇవన్నీ ఎవరు చెప్పారే నీకు?"

ఇంద్రాణి తండ్రి మొహం చూసి బిగుసుకుపోయింది. తర్వాత మెల్లగా మెట్ల వైపు చూసింది. ఆయనకు ఆ చూపు చాలు.

"పిల్లని కూర్చోబెట్టి నిదానంగా అడగండి," అంది సూర్యప్రభ.

"ఇంకా అడిగేదేముంది? మన మొహం మీద చెప్పలేక పిల్లకి నూరిపోస్తున్నారు."

మర్నాటినుంచి ఇంద్రాణి కిందికి దిగలేదు. సూర్యప్రభ సెలవు పెట్టింది. మధ్యాహ్నం కిష్టమ్మ పళ్ళెం పట్టుకుని సగం మెట్లు ఎక్కింది.

"బిడ్డ పానం బాగలేదా అమ్మా?"

"బాగానే ఉంది పెద్దమ్మా. చదువుకుంటోంది," అంది సూర్యప్రభ తలుపు సందులోంచి. ఆమెకు సిగ్గేసింది.

కిష్టమ్మ పళ్ళెం మెట్టు మీద పెట్టి దిగిపోయింది. సాయంత్రం దాకా దాన్ని ఎవరూ ముట్టలేదు.

ఆదివారం రామమోహనరావు తనే కిందికి దిగాడు.

"జనార్ధన్ గారూ, ఇల్లు ఖాళీ చేస్తున్నాం."

"ఏమైంది రావు సార్? ఎనిమిదేండ్ల సంది ఉంటున్నరు కదా."

"మేం ఉండడం ఇష్టం లేకపోతే నాతో చెప్పాల్సింది. పసిపిల్లతో చెప్పడం మర్యాద కాదు."

"పిల్లకు నేనేం చెప్పిన?"

"ఆ మేస్త్రీకి పైన చూపించడం కూడా నేను చూశాను."

"గా మేస్త్రీ మీ బాత్రూం లీకేజీకి సార్. మీరే కదా చేపియ్యమన్నరు."

రామమోహనరావు తడబడ్డాడు. కానీ అంతదూరం వచ్చాక వెనక్కి తగ్గడం ఆయన వల్ల కాలేదు. "మంచివాళ్ళనుకుని మోసపోయాను," అనేశాడు.

జనార్ధన్ మొహం వాడిపోయింది. టెంటులో మైకు పట్టుకుని గంటసేపు మాట్లాడే మనిషి ఆ పూట రెండే మాటలన్నాడు.

"మా అమ్మ ఎత్తుకొని పెంచిన పిల్ల సార్ అది. జర సోంచాయించున్రి," అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆలోచించడానికి రామమోహనరావుకు తీరిక లేదు. ఎల్బీనగర్‌లో తమవైపు వాళ్ళు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్ ఒకటి చూసుకున్నాడు. సామాను లారీ ఎక్కింది. ఇంద్రాణి కిష్టమ్మ కొంగు వదల్లేదు. ఏడుస్తున్న పిల్ల వేళ్ళు ఒక్కొక్కటిగా ఆయనే విడదీశాడు. ముసలామె కూడా ఏడ్చింది. లోపల ఎక్కడో కలుక్కుమన్నా, తప్పించుకుని బయటపడ్డామనే అనుకున్నాడు.

సమ్మె సడలి బడులు తెరిచారు; ఇంద్రాణి ఇంకా పాత బడికే వెళ్తోంది. వారం తర్వాత, పిల్లని కొత్త బడిలో చేర్చడానికి టీసీ కోసం పాత బడికి వెళ్ళాడు. స్టాఫ్ రూంలో అండాలమ్మ ఉంది. ఆమెదీ ఇక్కడి బాలాపూరే అని తెలుసు కాబట్టి ఆమెనీ అనుమానంగానే చూశాడు.

"మా అమ్మాయి నోట్‌బుక్ మీరు దిద్దారా టీచర్ గారూ? ఎవరో ఏవేవో విషపు మాటలు రాయించారు. మీకేమీ తప్పనిపించలేదా?"

"అనిపించింది సార్," అందామె. సొరుగులోంచి నోట్‌బుక్ తీసింది. "నాలుగో తరగతి పిల్ల గిట్ల రాసిందేందని నేనే పరేషానైన. ఎవర్ని అడిగి రాసినవమ్మా అంటే నోరు తెరవలే. చెప్పకున్నా మంచిదే, రాసియ్యమన్న. నిన్న రాసిచ్చింది. మీరే చూడున్రి."

నోట్‌బుక్ ఆయన వైపు తిప్పింది. రామమోహనరావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. జనార్ధన్ పేరు కోసం వెతికాడు. కిష్టమ్మ పేరు కోసం వెతికాడు.

పేజీ అడుగున గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "ఎవరినీ అడగలేదు టీచర్, నాన్న రోజూ ఫోన్‌లో మామయ్యతో చెప్తుంటే విని రాశాను."