కేసులున్న మనిషి

"మీ మీద క్రిమినల్ కేసులేమన్న ఉన్నయా పురుషోత్తమన్నా?" పాస్‌పోర్టు ఫారం నింపుతూ అడిగాడు అక్తర్.

జనగామలో అక్తర్ జిరాక్స్ సెంటర్‌లో ఎప్పుడూ పదిమంది ఉంటారు. ఆ రోజు జేఏసీలో నాతో తిరిగే కొండల్ కూడా ఉన్నాడు. పట్టణ తెలంగాణ జేఏసీకి నేను ఉపాధ్యక్షుణ్ణి. రైల్ రోకోలో నా మీద మూడు కేసులు పెట్టారని ఆరు నెలలుగా ఊరంతా చెప్పుకు తిరుగుతున్నవాణ్ణి. ఇప్పుడు లేవని ఎట్లా అంటాను?

"ఉన్నయ్. మూడు రాయి," అన్నాను, కొండల్‌కు వినబడేటట్టు.

జనగామ పట్టాల మీద నేను కూర్చున్న మాట నిజమే. ఫొటో దిగేదాకా. పోలీసు వ్యాను కనబడగానే లేచినవాణ్ణి మార్కెట్‌లో మిర్చి బస్తాల వెనక తేలాను. సాయంత్రం దాకా తుమ్ములు ఆపుకోవడమే నేను చేసిన పోరాటం.

అదృష్టం కొద్దీ ఆ వారమంతా నా భార్య కమల ఇంట్లో లేదు. మానుకోటలో చెల్లెలి దగ్గరికి పోయింది. కుంటుకుంటూ తిరిగొచ్చింది. బాత్రూంలో జారిందట. మోకాలికి నూనె రాసుకుంటూ నా కేసుల కథ రోజూ వినేది. ఒక్కనాడూ ఎదురు ప్రశ్న వేయలేదు. అమాయకురాలు.

"ఇగ అక్కవి?" అక్తర్ రెండో ఫారం తీశాడు.

పక్కనే ఉన్న కమల, "జర నన్ను అడిగి రాయిండ్రి," అంది.

"నీ మీద కేసులేంది? ఊకో. లేవని రాయి అక్తర్."

ఆమె సంతకం పెట్టింది.

ఇంటికొచ్చాక గుబులు మొదలైంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో కమల నోరు తెరిచి అడిగింది ఒక్కటే, సింగపూర్ చూడాలని. మార్చిలో టూరు బ్యాచ్ పోతోంది. పాస్‌పోర్టు ఉంటేనే వీసా. కేసులుంటే పాస్‌పోర్టే కష్టం. లేని కేసులు రాయించుకుని నా పాస్‌పోర్టుకు నేనే అడ్డం పడ్డాను. నేను లేకుండా ఆమె ఒక్కతే పోదు. నా గొప్పల వల్ల ఆమె ముచ్చట పోతుందని సిగ్గేసింది.

విచారణకు కానిస్టేబుల్ సోమనర్సయ్య ఇంటికొచ్చాడు. కమల చాయ్ పెట్టడానికి లోపలికి పోగానే ఆయన చేతులు పట్టుకున్నాను.

"సార్, మీ దగ్గర దాచుడెందుకు. నా మీద ఒక్క కేసు గూడ లేదు. ఊరి ముంగట ఇజ్జత్ కోసం రాయించిన. జర మా ఆమెకు తెల్వనియ్యకుండ్రి."

"మాకు ఎరుకే సార్. జిల్లా మొత్తం రికార్డులు చూసినం. మీ పేరు ఎక్కడ లేదు."

ప్రాణం లేచొచ్చింది. కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది. ఫొటో దాకా కూర్చున్నందుకైనా ఒక్కచోట పేరుండొద్దా?

"అయితే మా ఇద్దరి పని అయినట్టేనా?"

సోమనర్సయ్య చేతిలోని రెండు ఫారాలు మళ్లీ తిరగేశాడు. అప్పుడే చాయ్ కప్పులతో కమల గుమ్మంలోకి వచ్చింది. నేను చేతులు పట్టుకున్నప్పుడు కూడా కుర్చీలోంచి లేవని మనిషి, ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"రెండు ఫారాలు తారుమారు రాసిన్రు సార్, మానుకోట రైల్ రోకోల మూడు కేసులున్నది మేడం మీద."