నాలుగో తలుపు

అక్క మొగుడు పెద్దబావ చేసిన పనిని మెకానిక్ పదేళ్ళయినా మరిచిపోలేదు. శీతల గిడ్డంగి తలుపులను నడిపే ప్రోగ్రామంతా ఒంటి ఇంగ్లీషు అక్షరాలతో, ఎక్కడా ఒక్క వివరణ లేకుండా రాసి, ఇంకెవరికీ కొరుకుడు పడకుండా చేసి, ఆ కుర్చీలో పాతుకుపోయాడు. ఇప్పుడు బావ రిటైరయ్యాడు. తెల్లారేలోగా దాన్ని అందరికీ అర్థమయ్యేలా తిరగరాస్తే ఆ కుర్చీ మెకానిక్‌ది.

అర్ధరాత్రి ఒక లైను దగ్గర ఆగి బావకు ఫోన్ చేశాడు.

"ఇక్కడ గదులు మూడేగా బావా. ఈ లైను ఉన్నంతసేపూ తెరమీద నాలుగో తలుపు మూసి ఉన్నట్టు చూపిస్తోందేం?"

"అర్థం కాకపోతే దాని జోలికి పోకురా."

"చదువు లేనివాడికి అర్థం కాదనేగా నీ ఎత్తిపొడుపు."

"ఉంచరా. నీకు దణ్ణం పెడతాను," అన్నాడు బావ.

బావ అతన్ని బతిమాలడం అదే మొదటిసారి. మెకానిక్ కసిగా ఆ లైను చెరిపేసి, పాత ప్రతి కూడా తీసేశాడు.

యంత్రాల హోరు ఆగిపోయింది. నడవా చివర, గోడ తప్ప ఏమీ లేని చోట, తలుపు నెమ్మదిగా కిర్రుమంది.

ఆ లైను మళ్ళీ టైపు చేయబోయాడు. అందులో ఉన్నవి నాలుగే అక్షరాలు. ఏది దేనికో తెలిసి ఉంటే గుర్తుండేవి. మొదటిది పి అనుకున్నాడు. చల్లగాలి మెడకు తగిలింది. కాదు, క్యూ.