ఎర్రగళ్ల రుమాళ్లు

తడి దూది ఎర్రబడింది.

విశ్వనాథం చెయ్యి ఆగిపోయింది. పదమూడేళ్ల పాత బొమ్మ అది. ఎప్పుడూ పొడి కుంచెతో దులిపేవాడు. ఈసారి ప్రదర్శన కదా అని దూది తడిపాడు.

"అయ్యో, ఆపండి," అంది భార్య అలివేలుమంగ.

అప్పటికే మొదటి కూలీ మొహానికి చుట్టిన ఎర్రగళ్ల రుమాలు సగం కరిగిపోయింది. కింద నుంచి ముక్కు, మీసం బయటపడ్డాయి.

ప్రదర్శనకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. కొత్త బొమ్మలు పన్నెండు సిద్ధంగా ఉన్నాయి. కానీ సౌదీలో ఈ ఖోబర్‌లోని తెలుగువాళ్లు వచ్చేది ఈ పాతదాన్ని చూడటానికే.

తొంభై ఒకటి నాటిది. కువైట్‌లో చమురు బావులు తగలబడుతుంటే జుబైల్ ఆకాశం మధ్యాహ్నానికే నల్లబడేది. ఆ పొగలో పనికి నడిచిపోతున్న ఏడుగురు కూలీలు. మొహాలు కనబడవు, రుమాళ్లే. వాటి వెనక ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది. ఆ ఒక్క బొమ్మతో ప్లాంట్ ఇంజనీరు విశ్వనాథం కాస్తా చిత్రకారుడైపోయాడు.

"మీవి ఆయిల్ రంగులు కదండీ. నీళ్లకెలా పోయాయి?"

ఆయన దూది వాసన చూశాడు. "సుద్ద. తుమ్మజిగురు."

"అవెప్పుడు వాడారు మీరు?"

"మల్లేశం వాడేవాడు."

ఆమెకు గుర్తొచ్చింది. జుబైల్‌లో ట్యాంకులకు రంగు కొట్టే మనిషి. శుక్రవారాలు వచ్చి కాన్వాసులు బిగించిపెట్టేవాడు. మొదటి ప్రదర్శన ముందురోజు ఈయన అతన్ని మెట్ల మీద నుంచే తరిమేశాడు.

"'సారూ, ఒక్క మాట ఇనుండ్రి' అని బతిమాలాడు. మీరు వింటేగా."

ఆయన దూది పక్కన పెట్టాడు.

"మనుషుల మొహాలు గీయడం వాళ్ల మతంలో తప్పని, మొహాలుంటే హాలు ఇవ్వనన్నాడు దాని యజమాని. మీరు దిగొచ్చి రుమాళ్లు వేస్తే గానీ పని కాలేదు. ఇతనేమో మీ రంగుల్లో ఈ చెత్త కలిపాడన్నమాట. పోనీండి, మళ్లీ వేసేయండి. మీ చేతిలో విద్యేగా."

వేరే కాన్వాసు మీద ప్రయత్నించాడు. మూడు రోజులు. గళ్లు వచ్చాయి, మడతలు వచ్చాయి. ఊపిరి రాలేదు. దండెం మీద ఆరేసిన గుడ్డల్లా ఉన్నాయి.

నాలుగో రోజు పొద్దున జుబైల్‌కు ఫోన్ చేశాడు. పాత ఫోర్‌మన్ అబ్దుల్ ఘనీ ఎత్తాడు.

"మల్లేశమా సార్? ఎప్పుడో ఎగ్జిట్ కొట్టిచ్చుకొని ఊరికి పోయిండు గద."

"ఊరి నంబరేమైనా ఉందా?"

"నంబరెందుకు సార్ ఇప్పుడు. పోయిన రంజాన్ ముందే చనిపోయిండు. మంచి పనోడు. తాతల కాడికెల్లి పటాలు గీసే ఖాందాన్ వాళ్లది. ఈడికొచ్చి ట్యాంకులకు రంగులేసిండు."

విశ్వనాథం ఫోన్ పెట్టేశాడు. గిన్నెలో నీళ్లు తెచ్చుకుని బొమ్మ ముందు కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"తుడుస్తున్నాను."

ఏడు రుమాళ్లూ పోయాయి. కింద ఏడు మొహాలూ తొంభై ఒకటిలో తను వేసినట్టే ఉన్నాయి. ఒక్కదాని మీదా గీత పడలేదు. ఆ చివరి మొహం మల్లేశానిదే.

సాయంత్రం స్కూలు హాలులో జనం ఆ బొమ్మ ముందే ఆగిపోయారు. ఇక్కడ మొహాల పట్టింపు లేదు. అయినా అందరిదీ ఒకటే ప్రశ్న. ఏర్పాట్లు చూస్తున్న ధీరజ్ పరుగున వచ్చాడు.

"అంకుల్, రుమాళ్లేవి? ఇంత మంచి బొమ్మ ఎవరు పాడుచేశారు?"

అలివేలుమంగ అందుకుంది. "మల్లేశమని, అప్పట్లో..."

"కాదు," అన్నాడు విశ్వనాథం.

జనం ఆయన వైపు తిరిగారు.

"నేను వేసిన మొహాలకు దెబ్బ తగలకుండా, తుడిస్తే పోయే రంగుతో ఆ రుమాళ్లు వేసి నాకు హాలు దక్కించింది మల్లేశం. నా బొమ్మ మీద చెయ్యి వేశాడని అతన్ని తరిమేసి, వాటిని నావని చెప్పుకున్న దొంగ విశ్వనాథం."